ఇచ్చట అని చెక్కిన బండ

ఆదెన్న ఐవారి భార్య బయమ్మ చనిపోయింది జనవరిలో. ఆమె సమాధి పోయింది మాత్రం ఈస్టరుకు ముందు బుధవారం నాడు. ఆ సంగతి ఆయనకు శుక్రవారం దాకా తెలియలేదు.

ఆ బుధవారం ఆయన ఊళ్ళో లేడు. మూడు రోజులు సెలవు పెట్టి తాడిపత్రి వెళ్ళాడు. అక్కడ నల్లబండ కోయించి, నునుపు పట్టించి, దాని మీద భార్య పేరు చెక్కించాడు. ఆయన మాటను తూచి వాడే మనిషి. ఇంటి దగ్గర కాగితం మీద ముందు ఐదు వరుసలు రాసుకున్నాడు. బస్సులో కూర్చుని వాటిలో మూడు కొట్టేశాడు. చెక్కేవాడి ముందు నిలబడి ఇంకొకటి కొట్టేశాడు. చివరికి మిగిలింది ఒక్కటే: బయమ్మ ఇచ్చట నిద్రించుచున్నది. కింద పుట్టిన, పోయిన సంవత్సరాల అంకెలు. ఇంత బండకు ఇంత మాటేనా, ఇంకో వరుస పడుతుంది గదా అని చెక్కేవాడు అడిగాడు. చాలన్నాడు ఐవారు.

చనిపోయింది అనకుండా నిద్రించుచున్నది అనడం వాళ్ళ పేటలో అందరికీ వాడుకే. నిద్రపోయినవాళ్ళు లేస్తారు. అందుకని ఆ మాట. ఐవారు బడిలో పిల్లలకు కూడా అట్లాగే చెప్పేవాడు.

రాప్తాడు దగ్గర రోడ్డు దిగి మూడు మైళ్ళు నడిస్తే ఊరు వస్తుంది. ఊరు దాటితే పేట. నలభై ఇళ్ళు. తాతల కాలంలో అందరూ బాప్తిస్మం పుచ్చుకున్నారు గానీ పేర్లు పాతవే ఉంచుకున్నారు. మిషను వాళ్ళు కట్టిన ఒంటి గది వారమంతా సమితి బడి, ఆదివారం గుడి. పాస్టరు అయ్యగారికి పదిహేడు పల్లెలు. నెలకొకసారి సైకిలు మీద వచ్చి బల్ల, అంటే ప్రభువు రొట్టె ద్రాక్షరసం, ఇచ్చి పోతాడు. ఈస్టరు తెల్లవారుజామున ఆయన టౌను గుడి విడిచి రాలేడు. అందుకని ఆ పొద్దు వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పే పని పదకొండేళ్ళుగా ఆదెన్న ఐవారిదే.

సమాధుల తోట అని పేరే గానీ, అక్కడ ఒక్క కానుగ చెట్టు తప్ప పచ్చనిది ఏమీ లేదు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, మట్టిదిబ్బలు, రెండో మూడో సిమెంటు కట్టినవి. గుడ్ ఫ్రైడే లోపల ఎవరి సమాధికి వాళ్ళు సున్నం కొట్టుకుంటారు. ఆదివారం పొద్దు పొడవకముందే అందరూ అక్కడికి పోయి తమవాళ్ళ దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తారు. తూర్పు తెల్లబడేటప్పుడు ఐవారు మూడుసార్లు "క్రీస్తు లేచెను" అంటాడు. మూడుసార్లూ జనం "నిజముగా లేచెను" అంటారు. ఆ తర్వాత ఇళ్ళకు పోయి బెల్లం పొంగలి తింటారు.

ఐవారి ఈస్టరు ప్రసంగం కూడా ఏటా ఒకటే. జేబులోంచి వేరుశనగ విత్తనం ఒకటి తీసి పైకెత్తి చూపించేవాడు. ఇది నేలలో పడి కుళ్ళకపోతే మొలవదు, మన వాళ్ళూ అట్లాగే నేలలో ఉన్నారు, మొదట లేచినవాడు ఆయన, ఆయన వెనక మనమందరమూ, అనేవాడు. రెండేళ్ళ కిందట వానలు పూర్తిగా ఎగబెట్టినప్పుడు, ప్రసంగం అయిపోయాక రామాంజులు లేచి, "ఐవారూ, నా చేన్లో మూడు మూటల ఇత్తనాలు నిద్ర పోతాండాయి. రోంత మీరు పోయి లేపకూడదా" అన్నాడు. అందరికంటే గట్టిగా బయమ్మ నవ్వింది. ఇంటికి వచ్చాక కూడా పొంగలి వడ్డిస్తూ నవ్వింది.

ఆమె పోయిన రోజు కూడా ఐవారు ఊళ్ళో లేడు. ఎలక్షను డ్యూటీ వేసి ఆయనను కొత్తచెరువు అవతల ఒక పల్లెకు పంపారు. ఓట్ల పెట్టెలు అప్పజెప్పి రసీదు తీసుకునేదాకా కదలడానికి లేదు. రెండు రోజుల జ్వరం, మూడో రోజు ఊపిరి ఆడలేదట. కబురు పట్టుకుని బయల్దేరిన మనిషి ఒక బస్సులో పోతుంటే, ఐవారు ఇంకో బస్సులో వస్తున్నాడు. పేటవాళ్ళు ఒక రోజంతా చూశారు. రెండో రోజు మునిమాపున మట్టి చేశారు. తెల్లవారి ఆయన చేతిసంచితో పేటలో అడుగు పెట్టేసరికి ఇంటి ముందు అరుగు కడిగి ఉంది.

ఆయన భార్య ముఖం చూడలేదు. నల్లమ్మ చూపించిన చోటు చూశాడు.

నల్లమ్మ డెబ్బై దాటిన మనిషి. ఆయన పేటకు వచ్చిన కొత్తలో భార్యాభర్తలిద్దరికీ ఆరు నెలలు ముద్ద పెట్టింది. బయమ్మ తల ఆమె ఒళ్ళోనే పెట్టుకుని పోయిందట. ఆమె ఐవారిని చేయి పట్టుకుని తోటకు తీసుకుపోయి, తన పెనిమిటి సమాధికి నాలుగు అడుగుల అవతల కొత్తగా తవ్వి కప్పిన మట్టిని చూపించి, ఇదే అంది. ఐవారు ఆ మట్టి చుట్టూ తానే గుండ్రాళ్ళు పేర్చాడు. నక్కలు తవ్వకుండా తానే తుమ్మకంప కొట్టుకొచ్చి కప్పాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం పోయి అక్కడ కాసేపు కూర్చునేవాడు. ఆయన అక్కడ కూర్చుంటే ఎవరూ అటువైపు పోయేవాళ్ళు కారు. అది మర్యాద.

ఆ ఎండాకాలం కరువు పని వచ్చింది. పనికి గోధుమలు ఇస్తూ, తోటకు తూర్పున కుంటకు కట్ట వేయిస్తున్నారు. తవ్వకం ఒడ్డెవాళ్ళది, మోత ఊరివాళ్ళదీ పేటవాళ్ళదీ. ఐవారు తాడిపత్రిలో ఉన్న రోజుల్లో తవ్వేవాళ్ళు పడమటికి జరుగుతూ జరుగుతూ తోట అంచు దాటారు. నల్లమ్మ పెనిమిటిది తప్ప ఆ మూల సున్నం కొట్టిన సమాధి ఒకటీ లేదు. గట్టూ లేదు. మట్టి మెత్తగా వస్తుంటే వాళ్ళు తీసుకుంటూ పోయారు. పేటవాళ్ళు కట్ట అవతలి కొసన ఉన్నారు. విషయం తెలిసి పరిగెత్తుకొచ్చి అడ్డం పడేటప్పటికి బుధవారం పొద్దు వాలింది.

ఆ సాయంత్రమే ఐవారు రాప్తాడులో లారీ దిగి, బండను ఒక ఎద్దులబండిలో వేయించుకుని పేటకు వస్తూ తోట పక్కన ఆగాడు. నేల మూడడుగులు దిగిపోయి ఉంది. ఆయన బండి విడిచి గుంట అంచుదాకా పోయాడు. అయితే ఆ గుంటలో అక్కడొకటి ఇక్కడొకటి ఐదు మట్టిదిమ్మెలు నడుమెత్తున నిలబడి ఉన్నాయి. ఒకటి, మిగిలినవాటికంటే ఒకడుగు పొట్టిది, సరిగ్గా ఆయన రాళ్ళు పేర్చిన చోట ఉంది. పైన తుమ్మకంప ముక్క కూడా ఒకటి అతుక్కుని ఉంది. పాపం, సమాధులని తెలిసి వాటిని మాత్రం విడిచిపెట్టారు అనుకున్నాడు. తవ్వినవాళ్ళు ఎవరో గానీ మనసున్న మనుషులు అనుకున్నాడు. బండను బడి వరండాలో దింపించి గోడకు ఆనించాడు. తోటను కళ్ళారా చూసే వచ్చాడని పేటవాళ్ళు ఆయన దగ్గర ఆ మాట ఎత్తలేదు.

గురువారం పొద్దున్నే బడి మొదలు కాకముందు సున్నపు డబ్బా, కిత్తనార కుంచె తీసుకుని గుంటలోకి దిగి ఆ దిమ్మెకు నాలుగువైపులా సున్నం కొట్టాడు. తెల్లదనానికి సున్నంలో కొంచెం నీలిమందు కలిపాడు. బయమ్మ గోడలకు అట్లాగే కలిపేది.

శుక్రవారం మధ్యాహ్నం గుడిలో మూడు గంటల ప్రార్థన ముగించుకుని, బండ నాటడానికి ఎంత లోతు కావాలో చూద్దామని మళ్ళీ పోయాడు. ఒడ్డెవాళ్ళ పెద్ద ఎర్రిస్వామి అక్కడ గడ్డపార పదును చూసుకుంటున్నాడు. ఐవారిని చూసి లేచి దండం పెట్టి, నవ్వుతూ, "ఏమప్పా ఐవారూ, కొలత దిమ్మెకు సున్నం కొట్టింది మీరేనంట గదా. దొర వచ్చి కొలిచేకి బాగ కనపడల్లనా?" అన్నాడు.

ఐవారికి అర్థం కాలేదు. ఎర్రిస్వామి నిదానంగా చెప్పాడు. తవ్వకం ముందు నేల ఎంత ఎత్తున ఉండేదో కొలిచేవాళ్ళకు తెలియాలి. అందుకని అక్కడక్కడ దిమ్మెలు తవ్వకుండా వదులుతారు. వాటి ఎత్తు కొలిస్తే లోతు తేలుతుంది. కొలత అయిపోయాక వాటినీ కొట్టేస్తారు. సోమవారం కొలత.

చెప్పుకుంటూ పోయి ఐవారి ముఖం చూసి ఆగిపోయాడు. గడ్డపార కింద పెట్టాడు.

ఇక్కడ మా ఇంటామె ఉంది అన్నాడు ఐవారు.

ఎర్రిస్వామి ఆ దిమ్మె చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత, "ఈడ ఎవురూ లేరు సామీ" అన్నాడు. "దీని సుట్టూ నా చేత్తో నేనే తీసినా. రెండడుగులు మెత్తగా వచ్చె. ఆ కింద అంతా బండ. మనిషిని పెట్టిన చోటైతే మాకు తెలీదా? వేరే తావుల్లో మేము మూడడుగులే తీసినాము, ఆ కింద ఎవురుండారో నాకేమెరుక. ఈ తావు మాత్రం ఖాళీ."

ఐవారు సరేనన్నాడు. ఏమని సరేనన్నాడో ఆయనకే తెలియదు. ఇంటికి వచ్చి కుంచె కడిగి ఎండలో పెట్టాడు. కడిగిన కుంచెనే మళ్ళీ కడిగాడు.

ఆ మాట పేటకు ఆయనకంటే ముందే చేరింది. దీపాలు పెట్టేవేళకు నల్లమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. మామూలుగా వచ్చీరావడంతోనే తిన్నావా అని అడిగే మనిషి, ఏమీ అడగలేదు.

"ఐవారూ, బయమ్మ ఆడ లేదంట గదా."

"లేదంట."

"నాకు తెలుసు" అంది నల్లమ్మ. "దినామూ అనుకుంటి. అట్లాంటి మనిషిని మన్ను ఎన్ని దినాలు పట్టుకుంటాది."

ఆమె ముఖం దీపం వెలుగులో చిన్నపిల్ల ముఖంలా ఉంది. ఐవారు ఆ క్షణాన ఒక మాట చెప్పవలసింది. ఆ మాట ఆయనకు బాగా తెలుసు. పదకొండేళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నాడు. ముందు లేచినవాడు ఒక్కడే. మిగిలిన మనమంతా చివరి బూర మోగినప్పుడు కలిసి లేస్తాం. నడుమ ఎవరూ తమ పాటికి తాము లేచిపోరు. అందులో అనుమానం లేదు. కానీ ఆయన నోరు తెరిస్తే వచ్చిన మాట ఇంకొకటి.

"ఎవరితోనూ అనొద్దు నల్లమ్మా."

"అప్పుడే అనేస్తినే" అంది నల్లమ్మ.

నల్లమ్మ వెళ్ళిన తర్వాత ఐవారు కూర్చున్న చోటునుంచి లేవలేదు. ఖాళీ గుంట అంటే చూపిన చోటు తప్పని లెక్క తెలిసిన మనిషికి వెంటనే తట్టాలి. ఆయనకు తట్టలేదు. తట్టకపోగా, గుండెలో ఎక్కడో సంతోషం లాంటిది ఒకటి కదిలింది. ఆ సంతోషాన్ని చూసి భయపడ్డాడు. ఆదివారం జనం ముందు నిలబడి ఆయన ఏమని చెప్పాలి? బయమ్మ లేవలేదు అంటే, పక్కనే ఆ ఇంకొకాయన లేచాడని ఏ గొంతుతో చెప్పాలి? అదీ ఖాళీ సమాధే, ఇదీ ఖాళీ సమాధే. లేచింది అంటే అబద్ధం. అబద్ధమని తనకు అంత గట్టిగా తెలుసా? తెలుసు. తెలుసని అనుకున్న ప్రతిసారీ ఆ సంతోషం మళ్ళీ కదిలేది.

శనివారం పొద్దున ఆయన బుద్ధికి మొదటి దారి దొరికింది. మట్టి చేసినవాళ్ళను అడగాలి. గుంట తవ్వింది హనుమంతప్ప. పేటలో ఎవరు పోయినా తవ్వేది అతనే. అతను సంక్రాంతి దాటగానే పెళ్ళాం బిడ్డలతో బళ్ళారి వైపు కాలువ పనికి పోయాడు. అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయారని ఎవరో అన్నారు. మిగిలింది శవపెట్టె మోసిన నలుగురు.

రామాంజులు కాళ్ళవైపు మోశాడు. అతను ఐవారిని చూడగానే తల దించుకుని అసలు సంగతి చెప్పేశాడు. మట్టి చేసిన నాటి పొద్దున నల్లమ్మ చూపిన చోట హనుమంతప్ప రెండడుగులు తవ్వేసరికి బండ తగిలింది. ఆ గుంట పూడ్చి ఇంకోచోట తవ్వాడు. అదే బయమ్మ సమాధి. నక్కల భయానికి పైన చప్పట రాళ్ళు పరిచి, దిబ్బ కనబడకుండా చదును చేశారు. ఆ రాళ్ళు ఇప్పుడు ఎక్కడా కనబడవు. కట్టకు పేర్చే రాళ్ళలో కలిసిపోయి ఉంటాయి. సాయంత్రం నల్లమ్మ దహించే జ్వరంతో తోటకు రాలేదు. ఆమెకు తెలిసింది పొద్దున చూపిన చోటే.

"మరి మూడు నెలలు నాకెందుకు చెప్పలేదు" అన్నాడు ఐవారు.

"మీరు యాడ కూర్చుంటాండారో మేమెవురమూ తొంగి సూడలేదు ఐవారూ" అన్నాడు రామాంజులు. "ఆమె కాడే కూర్చుంటాండారనుకుంటిమి."

యాడ అని అడిగాడు ఐవారు. నల్లమ్మ పెనిమిటి సమాధి నుంచి తూర్పుకు ఇరవై అడుగులు అన్నాడు రామాంజులు. లాంతరు హనుమంతప్ప చేతిలో ఉందట. తలవైపు మోసిన మనిషిని అడిగితే, తూర్పు కాదు, ఉత్తరానికి, కానుగ చెట్టు దగ్గర అన్నాడు. లాంతరు కొమ్మకు తగిలించారట. మూడో మనిషి అసలు లాంతరే లేదన్నాడు. ఇంకా వెలుగు ఉందట. నాలుగో ఆయన ముసలివాడు. లాంతర్లు రెండు అన్నాడు. చోటు మాత్రం రాళ్ళ గట్టు పక్కన అన్నాడు. ఆ గట్టు ఏదో ఎవరికీ తెలియలేదు. ఐవారు ఆ నాలుగు మాటలనూ నోటుపుస్తకంలో నాలుగు వరుసల్లో రాసుకున్నాడు. నలుగురినీ కలిపి తోటకు తీసుకుపోతే ఇంకా గందరగోళమైంది. తూర్పు అన్నవాడి చోటు తవ్విన గుంటలో ఉంది. వానలు పడితే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఉత్తరం అన్నవాడి చోటును గడ్డపార తాకలేదు. నలుగురూ ఒప్పుకున్నది ఒక్కటే. తల పడమటికి, కాళ్ళు తూర్పుకు పెట్టారు. లేచి నిలబడ్డప్పుడు ముఖం తూర్పు చూడాలని అందరినీ అట్లాగే పెడతారు.

రేపు చదవవలసిన వాక్యం కోసం సాయంత్రం ఆయన గ్రంథం తెరిచాడు. సువార్తలు నాలుగింటిలోనూ ఆ తెల్లవారుజాము ఉంది. ఒకదానిలో సమాధి దగ్గర తెల్లబట్టలు కట్టుకున్నవాడు ఒక్కడు. ఇంకోదానిలో ఇద్దరు. ఒకచోట ఇంకా చీకటిగా ఉంది, ఒకచోట పొద్దు పొడిచింది. పోయిన ఆడవాళ్ళు ఎందరో కూడా కుదరదు. ఆ తేడాలు ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. లెక్కల్లో తప్పు కనబడ్డ ఐవారికి ఉండే సిగ్గు వాటిని చూస్తే ఉండేది. అందుకని ఏటా ఒకదానినే చదివి, మిగిలిన మూడూ తెరవకుండా వదిలేసేవాడు. ఆ సాయంత్రం నాలుగూ చదివాడు. చదివి నోటుపుస్తకం పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. రెండింటినీ కలిపి ఏదో అర్థం చేసుకోవాలని ఆయనకు అనిపించింది. ఏమిటో తేలలేదు.

చీకటి పడకముందే నల్లమ్మ ఇంటికి పోయి గుంటలో బండ తగిలిన సంగతి, రెండో గుంట సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె విని, ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూసింది.

"అయితే మూడు నెలలు నిన్ను తప్పు తావులో ఏడిపిస్తి" అంది.

"నేను ఏడవలేదు నల్లమ్మా" అన్నాడు ఐవారు.

అది నిజమే. ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది. ఎందుకు ఏడవలేదని అడగలేదు.

పోవడానికి లేచినప్పుడు ఆమె అంది: "ఆ పొద్దు క్రీస్తు సమాధి కాడికి పోయిన యమ్మ గూడా అంతే గదా ఐవారూ. ఆయన్ను యాడ పెట్టినారో తెలీక తోటోణ్ణి అడిగె. నువ్వే గదా సదివేది."

"అవును" అన్నాడు ఐవారు.

"ఎదుట ఉండేది ఆయనేనని ఆ యమ్మకు తెలీలేదు గదా."

"తెలియలేదు."

"మళ్ళ ఇంగేమి" అంది నల్లమ్మ. ఆ మాటకు అర్థం ఓదార్పో, ఆమెకూ తెలియని ప్రశ్నో ఆయనకు అంతుపట్టలేదు.

ఆదివారం కోడి కూసినప్పుడే పేట అంతా తోటలో ఉంది. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే చెంగులు అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించుకుంటున్నారు. ఐవారు వెలిగించిన కొవ్వొత్తిని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మైనం వేళ్ళ మీదికి కారుతోంది. ఉత్తరానికి రెండు అడుగులు వేశాడు. ఆగాడు. గుంట వైపు తిరిగాడు. అక్కడ మసక వెలుతురులో సున్నం కొట్టిన దిమ్మె ఒక్కటే తెల్లగా కనబడుతోంది. అందరూ చూస్తున్నారు. చూడనట్టు ఉన్నారు.

నల్లమ్మ తన పెనిమిటి సమాధి దగ్గరినుంచి పిలిచింది. "ఈడ పెట్టు ఐవారూ. ఆయనేమీ అనుకోడు. బతికినప్పుడు ఎవురన్నా వస్తే జరిగి తావిచ్చే మనిషే."

ఐవారు పోయి ఆమె కొవ్వొత్తి పక్కన తనది నిలబెట్టాడు. తూర్పున వెలుగు రేఖ వచ్చింది. వాక్యం చదివాడు. ఆ ఏడు చదివింది, ఆడవాళ్ళు వణుకుతూ పారిపోయి, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న చోట ఆగిపోయే వాక్యం. పుస్తకం మూసి జేబులో చేయి పెట్టాడు. వేరుశనగ విత్తనం చేతికి తగిలింది. ఇంట్లోంచి వస్తూ అలవాటుగా వేసుకున్నాడు. దాన్ని బయటికి తీయలేదు.

బయమ్మ లేచిందని ఎవరూ అనవద్దని ముందు చెప్పాడు. అక్కడ బండ తగిలిందని చెప్పాడు. ఆమె ఎక్కడ ఉందో తనకు తెలియదని చెప్పాడు. తర్వాత ఆయన అన్న మాటలు ఇవి:

"నిన్న నలుగురు నాకు నాలుగు రకాలుగా చెప్పినారు. ఎవరూ అబద్ధమాడలేదు. ఆమెను పెట్టింది నిజం. ఈ నాలుగు పుస్తకాల్లోనూ నాలుగు రకాలుగా ఉంది. ఇన్నేండ్లూ మీకు ఒకటే చదివి వినిపించినాను. అది నా తప్పు. ఆ పొద్దు వాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. అర్థమైనాక పోదామనుకోలేదు, సుగంధాలు పట్టుకుని పోయినారు. పోయినారు కాబట్టి ఆయన లేడని తెలిసింది. నాకు ఇంతకంటే తెలియదు."

ఐవారు కళ్ళు మూసుకుని, "క్రీస్తు లేచెను" అన్నాడు. నిజముగా లేచెను అన్నారు జనం. రెండోసారి అన్నాడు. జనం పలికారు. మూడోసారి అనడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. జనం ఎదురుచూశారు. కానుగ ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి. కొంతసేపటికి నల్లమ్మ, ఎవరూ అనని మాటకు జవాబుగా, "నిజముగా లేచెను" అంది. వెనక ఒకరిద్దరు గొంతు కలిపారు. పొద్దు పొడిచింది. అప్పుడు ఐవారు ఏడ్చాడు. భార్య కోసమో, నోట రాని మాట కోసమో ఆయన చెప్పలేడు. ముఖం మాత్రం తూర్పుకే ఉంది.

సోమవారం కొలత దొర వచ్చి దిమ్మెలు కొలిచాడు. తెల్లది ఎందుకు తెల్లగా ఉందని అడిగితే, ఎర్రిస్వామి గడ్డపార తీసుకుని పక్క దిమ్మె దగ్గరికి పోయాడట. నాలుగు దిమ్మెలూ కొట్టేసి, ఆ ఒక్కటి వదిలేశాడు. జూన్ వానకు అది కరిగి సగమైంది. గుంటలో మోకాలిలోతు నీళ్ళు నిలిచి, వారానికి ఇంకిపోయాయి.

ఐవారు హనుమంతప్ప పేరున బళ్ళారికి రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి తిరిగి వచ్చింది. రెండోదానికి జవాబు లేదు. ఆదివారం సాయంత్రాల్లో ఆయన ఇప్పుడు ఒకచోట కూర్చోడు. తోట అంతా ఒకసారి నడిచి వస్తాడు. చెక్కిన అక్షరాల్లో ఇచ్చట అన్న మాటను చెరిపించవచ్చునేమో అని పాస్టరు అయ్యగారు ఒకసారి అన్నాడు. ఆలోచిస్తానన్నాడు ఐవారు.

హనుమంతప్ప ఇంకా రాలేదు. బండ బడి వరండాలో గోడకు ఆనించి ఉంది. దానిని నాటడం కాలేదు.